మైక్రోస్కోపుకు కెమెరా తగిలించిన సంఘాల వారికి

1969లో విజయవాడలో పాల ఉత్పత్తుల ఫ్యాక్టరీ మొదలైన తరువాత పెరిగిన మన పాల సంఘాలలో చాలాకాలం పరీక్ష అంటే లాక్టోమీటరు, గర్బరు యంత్రం, వెన్న శాతం. ఇప్పుడు అనలైజరు వచ్చి, పాలు పోసిన నిమిషంలోనే వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. అంకెలు చూపుతున్నది. అయితే పొదుగులో వాపు మొదలైన పశువు పాలకు కూడా ఆ యంత్రం మంచి అంకెలే ఇవ్వవచ్చును. ఆ వాపును ముందుగా పట్టాలంటే పాలలోని కణాలను లెక్కపెట్టాలి. అందుకని బల్కు కూలరు, చిన్న ప్రయోగశాల ఉన్న కొన్ని సంఘాల వారు మైక్రోస్కోపు కొని, దాని మీద కెమెరా పెట్టి, కంప్యూటరు తెర మీద చూస్తున్నారు. మేము తనిఖీకి వెళ్ళినచోట్ల లెక్కల పుస్తకాలు తీయకముందే అడుగుతున్న మాట ఒకటే: "కెమెరా కొన్నామండీ, బొమ్మ రావడం లేదు."

మేము సహకార డిప్లొమా చదివిన రోజుల్లో శిక్షణ కేంద్రంలో కంప్యూటరు ఒకటే ఉండేది, దాని గదికి ఎప్పుడూ తాళమే. కనుక ఈ విద్య మాకు పుస్తకంలో వచ్చింది కాదు. పది చోట్ల కూర్చుని నేర్చుకున్నాము, ఒకచోట తప్పు కూడా చేశాము. అదీ చెబుతాము.

ముందు కొనుగోలు సంగతి. కలం ఆకారంలో ఉండి పెట్టె మీద "1000 రెట్లు" అని అచ్చువేసిన కెమెరాలు చవకగా దొరుకుతున్నాయి. ఆ వెయ్యి రెట్లు తెర పెద్దదనాన్ని కలుపుకుని చెప్పే మాట. విత్తనాలు, పురుగులు చూడటానికి అవి బాగుంటాయి గాని పాల కణాలకు పనికిరావు. మనకు కావలసింది మైక్రోస్కోపు గొట్టంలో ఐపీసు తీసివేసి ఆ స్థానంలో దిగే కెమెరా. గొట్టం లోపలి కొలత చాలా మైక్రోస్కోపులలో 23.2 మిల్లీమీటర్లు, కొన్నింటిలో 30 మిల్లీమీటర్లు. కొలిచి వెళ్ళండి. గొట్టానికి తగిన రింగు లేకుండా కాగితం చుట్టి బిగించిన కెమెరాను కూడా మేము చూశాము. అది ప్రతిరోజూ ఒక్కో వాలులో ఉంటుంది.

కెమెరాతోబాటు వచ్చే చిన్న డిస్కు గురించి బెంగ వద్దు. నేటి కంప్యూటర్లలో చాలావాటికి డిస్కు పెట్టే చోటే లేదు. 2003 నుంచి యు.ఎస్.బి. కెమెరాలకు ఒక ఉమ్మడి పద్ధతి ఉన్నది, దానిని యు.వి.సి. అంటారు. ఆ పద్ధతి పాటించే కెమెరాను తగిలించగానే విండోస్ తనంతట తానే గుర్తుపడుతుంది, వేరే డ్రైవరు అక్కరలేదు. కొనేటప్పుడు "యు.వి.సి. అవునా" అని అడిగితే చాలు. కాకపోతే మాత్రం పాత డ్రైవరు కొత్త విండోస్‌లో ఎక్కక, డివైస్ మేనేజరులో పసుపు గుర్తు కనబడుతూ ఉంటుంది.

కెమెరా గుర్తుపట్టినా బొమ్మ రాకపోవడానికి తరచు కారణం చిన్నదే. ఒక సంఘంలో టెస్టరు అమ్మాయి స్లైడు పెట్టి సాఫ్ట్‌వేరు తెరవగానే కార్యదర్శి గారి ముఖం కనబడింది. ల్యాప్‌టాపు నుదుట ఉన్న కెమెరానే సాఫ్ట్‌వేరు ముందుగా తెరిచింది! "మా కణాలు బాగానే ఉన్నాయా సార్?" అని ఆయనే నవ్వారు. యామ్‌క్యాప్ వంటి సాఫ్ట్‌వేరులో డివైసెస్ అనే చోట రెండు కెమెరాల పేర్లూ ఉంటాయి, రెండవది ఎంచుకోవాలి. అసలు ఏ బొమ్మా లేక నల్లగా ఉంటే సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో కెమెరా తెరిచి, డెస్క్‌టాప్ యాప్‌లకు అనుమతి ఉన్నదో లేదో చూడండి. ఇంకొక సాఫ్ట్‌వేరు కెమెరాను పట్టుకుని ఉన్నా ఇదే తీరు. ఒకటి మూసి ఒకటి తెరవాలి. పొడుగు తీగలు, నాలుగు నోళ్ళ చవక హబ్బులు వద్దు. కెమెరాను కంప్యూటరుకే నేరుగా తగిలించండి.

బొమ్మ వచ్చి ఈడ్చుకుంటూ కదిలితే కంప్యూటరును తిట్టనక్కరలేదు. 1600 చుక్కల వెడల్పు, 1200 చుక్కల ఎత్తు గల బొమ్మను కుదించకుండా పంపితే చుక్కకు రెండు బైట్ల చొప్పున ఒక్కొక్కటి 38 లక్షల బైట్లు దాటుతుంది. యు.ఎస్.బి. 2.0 దారిలో సెకనుకు లెక్క ప్రకారమే 6 కోట్ల బైట్లు. పదిహేను బొమ్మలకు మించి పట్టవు, ఆచరణలో ఇంకా తక్కువ. అదే ఎం-జేపెగ్ అనే కుదింపు రకం ఎంచుకుంటే సాఫీగా నడుస్తుంది. దీపం వెలుగు చాలకపోయినా కెమెరా ఒక్కో బొమ్మకు ఎక్కువసేపు తీసుకుంటుంది, కనుక ముందు దీపం పెంచండి. తెర మీద అడ్డచారలు పైకి పాకుతూ ఉంటే అది కరెంటు లెక్క: మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, కొన్ని కెమెరాలు 60కి అమర్చి వస్తాయి. సెట్టింగులలో 50కి మార్చగానే చారలు పోతాయి.

పాల పూతకు వేసే రంగు నీలం. తెల్లరంగును తానే సరిచూసుకునే ఏర్పాటు కెమెరాలో తెరిచి ఉంటే, ఆ నీలాన్ని తప్పుగా ఎంచి బూడిదరంగు చేస్తుంది, కణాల నడిమి ముద్ద తేలిపోతుంది. స్లైడులో ఖాళీ చోటు చూపించి రంగు సరిచేసి, ఆపైన ఆ ఏర్పాటు ఆపివేయండి. కంటికి స్పష్టంగా ఉన్నది తెర మీద మసకగా ఉండవచ్చు. తెర చూస్తూ సన్నమరనే తిప్పాలి. నూనెతో వాడే 100 రెట్ల కటకం స్లైడుకు దాదాపు ఆనుకుని ఉంటుంది, పెద్దమర తిప్పితే స్లైడు పగులుతుంది. దుమ్ము సంగతి కూడా చూడండి. కెమెరాను గొట్టంలో కొద్దిగా తిప్పినప్పుడు తెర మీద మచ్చ కదలక అక్కడే ఉంటే అది కెమెరా మీది దుమ్ము, కణం కాదు. మన డెల్టా తేమకు కటకాల మీద బూజు కూడా పడుతుంది. పని కాగానే సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టడం మేలు.

ఇంతవరకు బొమ్మ సంగతి. ఇక మా తప్పు.

ఈ లెక్క పాతదే. 1910లో అమెరికాలో ప్రెస్కాట్, బ్రీడ్ అనే ఇద్దరు పాలలోని కణాలను నేరుగా లెక్కపెట్టే పద్ధతి ప్రకటించారు. 0.01 మిల్లీలీటరు పాలను ఒక చదరపు సెంటీమీటరు మేర పూసి, ఆరబెట్టి, రంగు వేసి చూడటం. ఐపీసులో కనబడే గుండ్రటి మేర వ్యాసం 0.16 మిల్లీమీటర్లు అయితే, అటువంటి మేరలు ఆ పూతలో దాదాపు 5,000 పడతాయి. పూసింది మిల్లీలీటరులో నూరవ వంతు కనుక దానిని 100తో హెచ్చించాలి. అంటే ఒక్కో మేరకు సగటున ఒక కణం కనబడితే మిల్లీలీటరుకు 5 లక్షలు. ఈ 5 లక్షల అంకె పామర్రు వైపున ఉన్న ఒక సంఘంలో గోడ మీద రాసి ఉన్నది. పేరు ఎందుకులెండి.

కెమెరా వచ్చాక కూడా వారు అదే అంకె వాడారు. ఒక సభ్యురాలి సంకరజాతి ఆవు పాలలో 30 మేరలు చూసి 15 కణాలు లెక్కపెట్టారు. సగటు అర; 2.5 లక్షలు అని రిజిస్టరులో రాశారు. ఆరోగ్యంగా ఉన్న ఆవు పాలలో సాధారణంగా 2 లక్షల లోపు ఉంటాయి, ఇది కొంచెమే ఎక్కువ, మళ్ళీ నెలలో చూద్దాం అన్నారు. మేము తనిఖీలో హెచ్చవేతలు సరిచూసి సంతకం పెట్టాము. హెచ్చవేతలు సరిగానే ఉన్నాయి. మూడు వారాలకు ఆ ఆవు వెనుక చన్ను ఒకటి గట్టిపడింది, ఆ ఈతలో ఇక పాలు ఇవ్వలేదు. రెండు పశువులతో బ్రతికే ఇల్లు అది. "స్లైడులో బాగుందన్నారు కదండీ" అని ఆమె అడిగినప్పుడు మా దగ్గర జవాబు లేదు.

అప్పుడు కూర్చుని కొలిచాము. కెమెరా చూపేది గుండ్రటి మేర కాదు, అందులో నడిమి ముక్క. ఆ సంఘం కెమెరాలో దాని వెడల్పు 0.12, ఎత్తు 0.09 మిల్లీమీటర్లు. వైశాల్యం 0.0108 చదరపు మిల్లీమీటర్లు, అంటే ఐపీసు మేరలో సగం కంటె కొంచెమే ఎక్కువ. అటువంటి ముక్కలు పూతలో 9,259 పడతాయి, నూరుతో హెచ్చిస్తే 9.26 లక్షలు. అరను దీనితో హెచ్చిస్తే వచ్చేది 4.63 లక్షలు. యూరపు దేశాలలో ఆవు పాల సేకరణకు పెట్టుకున్న హద్దే 4 లక్షలు. ఆ రోజే ఈ అంకె రాసి ఉంటే డాక్టరు గారికి కబురు వెళ్ళేది.

కొలవడానికి కావలసింది స్టేజి మైక్రోమీటరు అనే గాజు పలక. దానిపై ఒక మిల్లీమీటరును 100 భాగాలు చేసి గీతలు గీసి ఉంటాయి, గీతకూ గీతకూ 0.01 మిల్లీమీటరు. స్లైడు పెట్టే చోట దానిని పెట్టి, 100 రెట్ల కటకంతోనే, తెర ఈ చివరి నుంచి ఆ చివరికి ఎన్ని గీతలు పట్టాయో లెక్కపెట్టండి. తరువాత కెమెరాను పావు చుట్టు తిప్పి ఎత్తు కొలవండి. ఇమేజ్-జె అనే ఉచిత సాఫ్ట్‌వేరులో సెట్ స్కేల్ అనేచోట ఈ కొలత ఇస్తే బొమ్మ మీద కొలతలన్నీ అదే చెబుతుంది. ఒక జాగ్రత్త: బొమ్మ పరిమాణం 1600 నుంచి 640కి మారిస్తే కొన్ని కెమెరాలు అంచులు కోసివేస్తాయి. ఏ పరిమాణంలో కొలిచారో ఆ పరిమాణంలోనే లెక్కపెట్టాలి. కటకం మారినా, కెమెరా మారినా, రింగు మారినా మళ్ళీ కొలవాలి. ఒక పలకను చుట్టుపక్కల సంఘాలు పంచుకోవచ్చు, ఏడాదికి దాని అవసరం నాలుగైదు సార్లకు మించదు.

అనుమానం ఉన్న అంకెకు పశువైద్యుని మాటే ఆఖరు; కెమెరా రోగం పేరు చెప్పదు.

ఆ సంఘంలో గోడ మీద పాత అంకె ఇంకా ఉన్నది, కొట్టివేయలేదు. దాని కింద టెస్టరు అమ్మాయి ఎర్రసిరాతో "కంటితో అయితే 5 లక్షలు, కెమెరాతో 9.26 లక్షలు, 1600 సైజు" అని కాగితం అంటించి తేదీ వేసింది. తనిఖీకి వచ్చినప్పుడు రిజిస్టరు కంటె ముందు మేము చూసేది మీ గోడ మీది ఆ కాగితమే. తేదీ వేసి ఉంచగలరు.