మీసం అతికిస్తే అల్లూరి అయిపోడు

ఆగస్టు 15 వస్తోందంటే అద్దె దుస్తుల షాపుల ముందు అమ్మానాన్నలు క్యూ కడతారు. అట్టవిల్లు, కాషాయం పంచె, గమ్‌తో అతికించిన గడ్డం, మీసం. పిల్లాడు స్టేజీ ఎక్కి నాలుగు డైలాగులు ఒప్పజెబుతాడు, అవీ చాలావరకు సినిమావే. సెల్‌ఫోన్లు పైకి లేస్తాయి, చప్పట్లు మోగుతాయి. కిందికి దిగాక ‘ఇంతకీ పోలీస్ స్టేషన్ల మీదే ఎందుకు పడ్డాడ్రా?’ అని అడిగి చూడండి. గడ్డం దురద పెడుతోందంటాడు.

వేషాలు వద్దనడం లేదు, ముచ్చట ముచ్చటే. కానీ ఆయన ఎలా ఉండేవాడన్నదాని కన్నా, ఎవరెవరు కాదంటుంటే దేనికి తెగించాడన్నది పిల్లలకు ముఖ్యం. అది తెలియాలంటే ఆ పెద్దమనిషి వేషం కట్టించేకన్నా, ఆయన చుట్టూ ఉన్నవాళ్ల పాత్రలివ్వడం మేలు.

కందుకూరి వీరేశలింగం పాఠమే తీసుకుందాం. పరీక్షకైతే ‘రాజమండ్రి, 1881 డిసెంబర్ 11, తొలి వితంతు వివాహం’ అన్న బిట్టు చాలు. క్లాసులో మాత్రం గడియారాన్ని ఒక రోజు వెనక్కి తిప్పండి. ఇది డిసెంబర్ 10 సాయంత్రం, పెళ్లి రేపు. చీటీలు పంచండి. ఒకరికి వంటమనిషి, ఒకరికి పురోహితుడు, ఒకరికి పక్కింటి పెద్దాయన. పెళ్లికూతురు గౌరమ్మ, వరుడు గోగులపాటి శ్రీరాములు, ఖర్చుకు డబ్బిచ్చిన కాకినాడ పైడా రామకృష్ణయ్య, పంతులుగారి శిష్యులు... అందరికీ తలా ఒకటి. పంతులుగారి కుర్చీ మాత్రం ఖాళీగా ఉంచాలి. అందరికీ ఒకటే ప్రశ్న: రేపు ఆ ఇంటికి వెళ్తావా, వెళ్లవా?

‘చట్టం 1856లోనే వచ్చింది కదా, ఇంకా భయమెందుకు?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. అడగకపోతే మాస్టారే అడగాలి. వెలి అంటే ఏమిటో అప్పుడు విప్పి చెప్పాలి. నిప్పు పుట్టదు, నీళ్లు పుట్టవు, ఆడపిల్లకు సంబంధం రాదు, ఇంట్లో ఎవరైనా పోతే మోయడానికి నలుగురు రారు. వంటమనిషి చీటీ వచ్చిన పిల్ల ‘నేను వెళ్తే రేపట్నుంచి నన్నెవరు పనికి పిలుస్తారు?’ అంటే ఆమెను తప్పుపట్టకూడదు. ఆ భయం అర్థమైతేనే పెళ్లి చేసినవాళ్ల తెగువా అర్థమవుతుంది. వంటవాళ్లు, నీళ్లవాళ్లు మానేస్తే పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మే గోదావరి నుంచి నీళ్లు మోసుకొచ్చి వండిపెట్టారని ఆ తర్వాత చెప్పండి. నిండు బిందె తెప్పించి, బడి ఆవరణలో ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కొక్కరినీ మోయమనండి. పాఠంలో ఒక్క వాక్యంతో సరిపెట్టేసే ఆ ఇల్లాలు పిల్లలకు భుజం నొప్పితో సహా గుర్తుంటారు.

మళ్లీ అల్లూరి దగ్గరికొస్తే, అక్కడ విల్లు కన్నా పనికొచ్చేది మ్యాప్. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు, మూడు స్టేషన్లు, 26 తుపాకులు. కొండలు కనిపించే మ్యాప్ మీద దారం పరిచి, ఆ దూరాలు కాలినడకన ఎలా సాధ్యమో తేల్చమనండి. మన్యం జనం దారి చూపకుండా, తిండి పెట్టకుండా అయ్యే పని కాదని వాళ్లకే తడుతుంది. జనం ఎందుకు పెట్టారన్న ప్రశ్న వెంటనే వస్తుంది. అప్పుడు 1882 అడవి చట్టం, పోడు మీద ఆంక్షలు, రోడ్డు పనుల్లో దోపిడీ చెబితే చెవికెక్కుతాయి. ఎత్తుకెళ్లిన ఆయుధాల లెక్క స్టేషన్ పుస్తకంలోనే రాసి సంతకం చేశాడు కదా, ఆ పేజీని తెల్లవారి చూసిన కానిస్టేబుల్ పైఅధికారికి ఏమని రిపోర్టు రాస్తాడు? అదే రోజు సంగతిని గూడెంలో ముసలమ్మ మనవడికి ఏమని చెబుతుంది? సగం క్లాసు అది, సగం క్లాసు ఇది రాస్తే, ఒకే ఘటన రెండు కథలుగా ఎలా చీలుతుందో కళ్లముందే కనిపిస్తుంది.

రుద్రమదేవికి నాటకం అక్కర్లేదు, రాయి చాలు. నల్గొండ జిల్లా చందుపట్లలో 1289 నవంబర్ 27 నాటి శాసనం ఉంది. రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారంటూ పువ్వుల ముమ్మడి వేయించిన దానశాసనం అది. తిరగబడ్డ సామంతుడు అంబదేవుడితో పోరులో వాళ్లు చనిపోయి ఉంటారన్నది చరిత్రకారుల అంచనా. బోర్డు మీద రెండు గళ్లు గీసి, ‘రాయి చెప్పింది’, ‘మనం అనుకుంటున్నది’ విడదీయమంటే ఏడో తరగతి పిల్లలు కూడా పట్టేస్తారు. పెద్దవాళ్లమే, వాట్సాప్‌లో వచ్చిందల్లా మొదటి గడిలో వేసేస్తాం.

‘ఇవన్నీ బాగానే ఉన్నాయి, సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు?’ అని సోషల్ టీచర్లు అడుగుతారు. న్యాయమే. ప్రతి పాఠానికీ ఇలా చేయనక్కర్లేదు. టర్మ్‌కి ఒక్కరిని పట్టుకుంటే చాలు. పోటీలు, బహుమతులు పెట్టారంటే మాత్రం మళ్లీ అద్దె దుస్తుల షాపుకే దారి.

ఇంకొకటుంది, దానికి పిరియడ్ కూడా అక్కర్లేదు. చాలా ఊళ్లలో ఓ స్తూపమో, విగ్రహమో, బడికి స్థలమిచ్చినవాళ్ల పేరున్న పలకో ఉంటుంది. ఆ మనిషి ఎవరో తాతయ్యనీ అమ్మమ్మనీ వేర్వేరుగా అడిగి రమ్మని పంపండి. తాతయ్య దేవుడంటాడు, అమ్మమ్మ పెదవి విరుస్తుంది. రెండూ నోటుబుక్‌లో రాయించండి, ఏ మాట ఎవరిదో పక్కన పేరుతో సహా.