ఆదోని మజిలీగా ఒకరోజు యాత్రలు

కర్నూలు జిల్లా పడమటి అంచున ఉన్న ఆదోనిని చాలామంది మంత్రాలయం వెళ్లే దారిలో రైలు కిటికీలోంచి కనిపించే రాతికొండల ఊరుగానే ఎరుగుదురు. ముంబయి–చెన్నై రైలుమార్గం మీద ఉన్న ఈ పట్టణంలో బసచేసి, ఉదయం బయలుదేరి సాయంత్రానికి తిరిగి చేరుకునే విధంగా చుట్టుపక్కల ఊళ్లను చూసినప్పుడు, విడివిడిగా తెలిసిన పుణ్యక్షేత్రాలూ కోటలూ శాసనాలూ ఒకే ప్రాంతపు చరిత్రలోని భాగాలుగా అర్థమవుతాయి. ఇటలీలోని ఫ్లోరెన్సులో మకాం పెట్టి సియెనా, పీసా, లూకా పట్టణాలను రోజుకొకటి చొప్పున చూసివచ్చే పద్ధతి విదేశీ యాత్రికులకు ఎప్పటినుంచో అలవాటు. ఆ పద్ధతికి తగిన చరిత్రా, రవాణా వసతీ రెండూ ఆదోనికి ఉన్నాయి.

అయితే మొదటి రోజును ఊరికే కేటాయించడం మంచిది, ఎందుకంటే తక్కిన ప్రయాణాలకు తాళంచెవి ఇక్కడే దొరుకుతుంది. విజయనగర రాజ్యానికి ప్రధాన దుర్గాలలో ఒకటైన ఆదోని కోట, 1565 నాటి తళ్లికోట యుద్ధం తర్వాత మూడేళ్లకు బీజాపూరు సుల్తానుల వశమైంది. వారి తరఫున 17వ శతాబ్దంలో దీనిని ఏలిన సిద్ది మసూద్ ఖాన్ ఆఫ్రికా మూలాలున్న సిద్ది వర్గానికి చెందినవాడు. పట్టణంలోని జామియా మసీదు ఆయన కట్టించినదే. 1688లో మొగలు సేన కోటను ముట్టడించినప్పుడు సేనాపతి ఫిరంగులను మసీదు వైపు తిప్పించాడని, ప్రాణప్రదమైన ఆ కట్టడం కూలిపోవడాన్ని చూడలేక మసూద్ ఖాన్ కోటను అప్పగించాడని ఒక కథనం ఉంది. రాజ్యం పోయినా మసీదు మిగిలింది, నేటికీ అందులో నమాజు జరుగుతూనే ఉంది. తర్వాతి శతాబ్దంలో ఆదోని నిజాము తమ్ముడు బసాలత్ జంగ్‌కు జాగీరుగా, అంటే పన్ను వసూలు చేసుకుని అనుభవించే భూభాగంగా ఉండి, 1786లో టిప్పు సుల్తాను చేత చిక్కి, చివరకు 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేసిన దత్తమండలాలలో చేరింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలో ఉండేవి కనుకనే, ఇక్కడి సంతల్లో తెలుగు, కన్నడం, ఉర్దూ నేటికీ కలగలిసి వినిపిస్తాయి.

మంత్రాలయాన్ని ఆదోని నుంచి చూసినవారికే దాని పూర్వకథ బాగా బోధపడుతుంది. తుంగభద్ర ఒడ్డున ఉన్న ఆ గ్రామానికి పాత పేరు మంచాల; దానిని రాఘవేంద్రస్వామికి దానమిచ్చినవాడు మసూద్ ఖానేనని మఠ సంప్రదాయం చెబుతుంది. చదువురాని వెంకన్న అనే యువకుడు నవాబు చదవమన్న లేఖ ముందు నిస్సహాయుడై స్వామిని తలచుకోగా అక్షరాలు తెలిసివచ్చాయని, ఆ తర్వాత అతడే ఆదోని దివాను అయ్యాడని కూడా భక్తులు చెప్పుకుంటారు. మసీదు కట్టించిన పాలకుడు మఠానికి ఊరు ఇవ్వడం ఈ ప్రాంతం గర్వంగా చెప్పుకోదగిన విషయం. ఒకరోజు ఇక్కడా మరొకరోజు అక్కడా నిలబడి చూసేవారికి ఆ రెండు కట్టడాల మధ్య బంధుత్వం కనిపించకపోదు. స్వామి 1671లో సజీవంగా బృందావన ప్రవేశం చేశారు. మాధ్వ యతుల సమాధి మీద నిలిపే రాతి కట్టడాన్నే బృందావనం అంటారు. ముందు గ్రామదేవత మంచాలమ్మను దర్శించుకుని ఆ తర్వాతే స్వామి దగ్గరకు వెళ్లడం ఆచారం. రైలులో వెళ్లేవారు మంత్రాలయం రోడ్ స్టేషనులో దిగిన తర్వాత ఇంకా సుమారు 16 కిలోమీటర్లు రోడ్డు మీద వెళ్లవలసి ఉంటుందని ముందే తెలుసుకోవాలి.

తిరుగు ప్రయాణంలో ఎమ్మిగనూరు మీదుగా రావడం మేలు. ఆదోని చుట్టూ నల్లరేగడి నేలల్లో పండే పత్తి పట్టణంలోని మార్కెట్ యార్డుకు చేరి, గింజను దూదినుంచి వేరుచేసే జిన్నింగ్ మిల్లుల పాలవుతుంటే, సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని ఎమ్మిగనూరు మగ్గాల ఊరుగా పేరు తెచ్చుకుంది. 1938లో మాచాని సోమప్ప పూనికతో ఏర్పడిన చేనేత సహకార సంఘం దుప్పట్లకూ తువాళ్లకూ దేశమంతటా పేరు తెచ్చిపెట్టింది, ఆయనకు 1954లో పద్మశ్రీ లభించింది. నేతగాడు గుంటమగ్గం ముందు గోతిలోకి కాళ్లు వేలాడదీసుకుని కూర్చుని, తొక్కుడు కర్రను నొక్కగానే పడుగు పోగులు పైకీ కిందికీ విడిపోతాయి. ఆ సందులోంచి నాడె ఈ చివరినుంచి ఆ చివరికి దూసుకుపోయి పేక పోగును పరుస్తుంది, వెంటనే పలక వచ్చి దానిని గట్టిగా బిగిస్తుంది. ఆ పని కాసేపు దగ్గరనుంచి చూసినవారికి దుప్పటి ధర గురించి బేరమాడడానికి మనసొప్పదు. ఊరి నీలకంఠేశ్వరస్వామి జాతర జనవరి ప్రాంతంలో జరుగుతుంది కనుక, ఆ రోజుల్లో వచ్చేవారు రద్దీకి సిద్ధపడాలి.

శ్రావణమాసంలో కిటకిటలాడే ఉరుకుంద ఈరన్నస్వామి క్షేత్రం, జైన తీర్థంగా పేరున్న పెద్దతుంబళం, హంద్రీ నది మీది గాజులదిన్నె జలాశయం పూటలో చూసిరాదగినవి. దసరా రాత్రి కర్రల సమరం జరిగే దేవరగట్టు కొండను మాత్రం ఉత్సవం లేని రోజుల్లో చూడడమే క్షేమం. ఏటా తలలు పగిలే ఆ తోపులాటను వినోదంగా భావించడం తగదు.

వీటన్నిటికన్నా విలువైనదీ, యాత్రికులు అంతగా పట్టించుకోనిదీ పత్తికొండ–గుత్తి దారిలోని ఎర్రగుడి. దత్తమండలాలకు తొలి ప్రధాన కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో, మద్రాసు గవర్నరు హోదాలో పర్యటిస్తూ 1827 జూలై 6న కలరాతో కన్నుమూసింది పత్తికొండలోనే. అక్కడినుంచి ముందుకు సాగితే రోడ్డుకు దగ్గరలోని గుట్ట మీద అశోకుని శాసనాలున్న బండలు వస్తాయి. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దానికి చెందిన ఈ ప్రాకృత శాసనాలను భూగర్భ శాస్త్రవేత్త అను ఘోష్ 1920ల చివర్లో లోకానికి తెలియజేశారు. ప్రధాన శిలాశాసనాలూ లఘు శిలాశాసనాలూ రెండూ ఒకేచోట ఉండడం అరుదు. లఘు శాసనంలో కొన్ని పంక్తులు ఎడమనుంచి కుడికి, మరికొన్ని కుడినుంచి ఎడమకు, పొలంలో ఎద్దులు సాలు చివర మళ్లినట్టుగా సాగుతాయి. మిగతా చోట్ల ఎడమనుంచి కుడికే రాసే బ్రాహ్మీ లిపిలో ఇది చాలా విశేషం. తల్లిదండ్రుల మాట వినాలని, ప్రాణులపట్ల దయ చూపాలని రాజుకులు, అనగా గ్రామీణ ప్రాంతాల అధికారులు, ప్రజలకు చాటాలన్న ఆజ్ఞ అందులో ఉంది. ఇతరుల మతాన్ని గౌరవించాలన్న హితవు ప్రధాన శాసనాలలో కనిపిస్తుంది. సమీపంలోని జొన్నగిరే మౌర్యుల దక్షిణ రాజధాని సువర్ణగిరి అని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. తొలకరి వానలు పడగానే ఆ చుట్టుపక్కల పొలాల్లో వజ్రాల కోసం వెతికే జనం నేటికీ కనిపిస్తారు.

వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కనుక నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈ యాత్రలకు అనువైన కాలం. ఎర్రగుడి బండల మీద అక్షరాలు ఏటవాలు వెలుగులోనే స్పష్టంగా తేలుతాయి కాబట్టి, ఆదోనిలో పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ తిని వెంటనే బయలుదేరేవారు వాటిని బాగా చూడగలుగుతారు.