పాత దూలములలో దాగిన మేకులు

బెంగుళూరు దండు ప్రాంతమునను, బసవనగుడి, మల్లేశ్వరము మొదలగు పాతపేటలలోను పెంకుటిండ్లు, బంగళాలు ఒక్కటొక్కటిగా నేలమట్టమగుచున్నవి. అందులకు విచారించువారు పలువురు గలరు. వారి విచారమున మాకును భాగము గలదు. కాని నేడు మేము ప్రస్తావింపదలచినది కూలిన యింటిని గూర్చి కాదు. అందుండి బయటపడిన కలపను గూర్చి. గోడలు పడిన మరునాటికే పెంకులొక బండిమీదను, కిటికీచువ్వలొక బండిమీదను తరలిపోవును. దూలములు, వాసములు, ద్వారబంధములు పాతకలప వర్తకుల కొట్లకు చేరును. అచ్చటినుండి కోతమిల్లునకును, మిల్లునుండి క్రొత్త యింటికిని పోవును. ఈ ప్రయాణమున నడుమ నొక చిన్న పని గలదు. కోతకు ముందు కలపలోని లోహమును వెదకి తీయుటయే ఆ పని. అది తనదని యెవరును ఒప్పుకొనకుండుటయే మా నేటి ఫిర్యాదు.

ఈ కలపకు గిరాకి యేల గలదో మొదట చెప్పవలెను. 1885 నాటి యుద్ధముతో బర్మా యంతయు ఆంగ్లేయుల వశమైన పిమ్మట ఆ దేశపు టేకు దుంగలు ఇరావతీనదిపై తెప్పలుగా రంగూనునకు దిగివచ్చి, అచ్చటినుండి ఓడలమీద మన రేవులకు చేరుచుండెను. ఆ కాలపు ఇండ్లలో టేకును లెక్కచూడక వాడిరి. మదరాసు టెర్రసు అని పేరొందిన మిద్దెకప్పునే చూడుడు: పెద్ద దూలములమీద చిన్న దూలములను దగ్గర దగ్గరగా పరచి, వానిపై పలుచని యిటుకలను నిలువుగా, ఏటవాలు వరుసలుగా సున్నముతో కూర్చెడివారు. అట్టి గది నొకదానిని విప్పినను చాలినంత కలప చేతికి వచ్చును. 2014లో బర్మా ప్రభుత్వము దుంగల యెగుమతిని నిషేధించుటచే పాత టేకు విలువ యింకను పెరిగినది. అదియునుగాక, ఏండ్లతరబడి నీడను ఆరిన కర్ర క్రొత్త కర్రవలె మెలిపడదు.

మేమును ఈ ఆశకు లోబడినవారమే. పుస్తకముల బీరువా కొరకని మైసూరు రోడ్డు ప్రాంతమున నొక కొట్టులో ఎనిమిదడుగుల దూలము నొకదానిని కొంటిమి. వర్తకుడు పైకి కనబడు మేకులన్నియు పెరికించి, సున్నము గీయించి, నూనె పూయించి నిలిపియుంచెను. "అంతా క్లీన్ సార్" అని మాకు నమ్మబలికెను. హిందూపురమునుండి వచ్చి ముప్పదియేండ్లుగా ఈ నగరమున పనిచేయుచున్న వృద్ధుడైన వడ్రంగి మేస్త్రీ యొకరు దానిని చూచి, నూనెపూతమీద వ్రేలు రాచి, "సామీ, దీనికి ఇప్పుడే రంపం పెట్టేది లేదు. ముందు లోపల ఇనుము చూడల్ల" అనిరి. మాకు తొందర. "పైన ఏమీ కనబడటం లేదు కదా మేస్త్రీ" అంటిమి. ఆయన మారుమాటాడక తమ కుడి కనుబొమమీది మచ్చను వ్రేలితో చూపిరి. అది యొక మేకుముక్క చేసిన మచ్చయట. మరి యొక అంగుళము దిగువను తగిలియుండినచో కన్ను పోయెడిది.

ఆయన చేసిన పరీక్షను కొంత వివరముగా చెప్పెదము. పాతకలప కొను గృహస్థులు దీనిని ఎరిగియుండుట మంచిది. మొదట నూనెపూతను గరుకుకాగితముతో తీసివేసి, తడిగుడ్డతో దూలమును నలువైపుల తుడిచిరి. తడిసిన కర్రపై అచ్చటచ్చట నల్లని మరకలు తేలినవి. కర్రలోని టానిన్ అను వగరు పదార్థము తడి తగిలిన యినుముతో కలిసినచో నల్లబడును. కరక్కాయను, అన్నభేదిని కలిపి సిరా కాచిన మన పెద్దలకు ఇది క్రొత్త సంగతి కాదు. మేకు తల విరిగి లోపలనే యుండిపోయినను, రంధ్రమును మైనముతో మూసినను, మరక తరచుగా గుట్టు బయటపెట్టును. అయితే మేకు తీసివేసిన చోటను మరక మిగిలియుండును. మేకున్న చోట ఒక్కొక్కప్పుడు మరకయే యుండదు. కావున మరకవలన అనుమానము కలుగునే గాని నిర్ధారణ కాదు. రంధ్రము నాలుగు పలకలుగా నున్నచో అది కమ్మరి కొట్టిన పాతమేకుదనియు, గుండ్రముగా నున్నచో తరువాతి కాలపు తీగెమేకుదనియు మేస్త్రీ గురుతు చెప్పిరి.

పిమ్మట గట్టి అయస్కాంతము నొకదానిని దారమున వ్రేలగట్టి దూలము ప్రక్కగా నడపిరి. ఇనుమున్న చోట అది కర్రవైపునకు ఒరిగినది. కాని ఇత్తడి, రాగి, సీసము అయస్కాంతమునకు లొంగవు. పాత బంగళాలలో ఇత్తడి మరమేకులకు కొదువ లేదు. అందులకై ఆయన సంచినుండి చేతికర్రవంటి మెటల్ డిటెక్టరును తీసిరి. రైలుస్టేషన్లలోను, సినిమాహాళ్లలోను కావలివారి చేతులలో మనము చూచునది ఇట్టిదే. అందులోని తీగెచుట్టలో విద్యుత్ప్రవాహము క్షణక్షణము దిశ మారుచుండును. దగ్గర లోహమున్నచో ఆ లోహములో సుడిప్రవాహములు పుట్టును. వానివలన చుట్టలో కలుగు మార్పునుబట్టి యంత్రము కూయును. చిన్న మేకును అది అంగుళము రెండంగుళముల లోతువరకే పసిగట్టగలదు. అందుచే దూలమును నాలుగు ముఖములనుండియు, ఒకసారి నిలువునను ఒకసారి అడ్డముగాను చూడవలెను. లావు దూలము నడిమి భాగము అప్పటికిని తెలియదు గనుక, పలకలుగా కోసినకొలదిని మరల చూచుచుండవలెను.

దూలమును ఇనుపకాళ్ల బల్లపై పెట్టనీయక, రెండు కర్రదుంగలమీదనే పెట్టవలెనని మేస్త్రీ పట్టుపట్టిరి. ఇందులకు ప్రసిద్ధమైన పూర్వకథ యొకటి గలదు. 1881లో అమెరికా అధ్యక్షుడగు గార్‌ఫీల్డు తుపాకిదెబ్బ తిని మంచమున పడియుండగా, టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్లు దేహములోని గుండు జాడ తీయుటకు ఇట్టి సాధనమునే నిర్మించి తెచ్చెను. పరుపులోని ఉక్కుచుట్టలు దానిని తికమకపెట్టుట అపజయమునకు ఒక కారణమని చెప్పుదురు. గుండు జాడ తెలియలేదు, అధ్యక్షుడును బ్రతుకలేదు. ఆ కథ మా మేస్త్రీకి తెలియదు. బల్లకాళ్ల గుణము మాత్రము ఆయనకు అనుభవముచేత తెలియును.

మా దూలముపై ఇరువదిమూడు చోట్ల సుద్దగుర్తులు పడినవి. "అంతా క్లీన్" అను మాటకు అది విలువ! సన్నని ఉలితో చుట్టు కొంచెము చెక్కి, పటకారుతో ఒక్కొక్కదానిని లాగుచుండగా మాకు ఆ యింటి కాపురమంతయు కండ్లయెదుట నిలిచినది. నడుమ నొక లావైన కొక్కెము దూలము మట్టమునకు కోయబడి లోపల మిగిలియుండెను. అది పంకా కొక్కెమో, పసిబిడ్డ ఉయ్యాల కొక్కెమో తెలియదు. ఒక ప్రక్కన జానెడు జానెడు దూరమున వరుసగా సన్నని మేకులు. అవి విద్యుద్దీపముల నాటివని మేస్త్రీ ఊహించిరి. మాకును సరియనియే తోచినది. శివసముద్రపు విద్యుత్తు 1902లో కోలారు బంగారుగనులకును, 1905లో బెంగుళూరునకును వచ్చెను. ఆ కాలమున తీగెలను టేకుబద్దెలపై నడపి, ఆ బద్దెలను గోడలకును దూలములకును బిగించెడివారు. ద్వారబంధమైనచో వేరు కథ. ప్రతి యుగాదికి, ప్రతి పెండ్లికి మామిడితోరణము కట్టవలెను గదా! పాతమేకు తుప్పుపట్టి విరుగును. దాని ప్రక్కనే మరియొకటి కొట్టుదురు. ఇట్లు నాలుగు తరముల పండుగలు పైపట్టెలో దిగబడియుండును. గడపమీద గుర్రపునాడా, ప్రక్కన ఇంటినంబరు రేకు సరేసరి.

ఇంత శ్రమ యెందులకని అడుగువారుందురు. చేతిరంపపు దినములలో మేకు తగిలినచో రెండు పండ్లు వంగెడివి. ఆకురాయితో సరిచేసికొని మరల కోసెడివారు. నేడట్లు కాదు. నిమిషమునకు 4000 చుట్లు తిరుగు పదియంగుళముల చక్రరంపపు అంచు గంటకు సుమారు 190 కిలోమీటర్ల వేగమున పోవుచుండును. దాని పండ్లకు అతికిన కార్బైడు మొనలు గట్టివేగాని పెళుసు. మేకు తగిలి యొక మొన ఊడినచో అది ఎటు పోవునో చెప్పుట కష్టము. 1987లో కాలిఫోర్నియాలోని క్లోవర్‌డేలు మిల్లులో, చెట్టులో ఎవరో బుద్ధిపూర్వకముగా దిగగొట్టిన పెద్దమేకు తగిలి పట్టీరంపము తెగి, ఇరువదిమూడేండ్ల పనివాని దవడను చీల్చెను. అచ్చట మేకు కొట్టినది ద్వేషముచేత. మన యిండ్లలో కొట్టినది తోరణము కట్టుటకు. రంపమునకు ఆ భేదము తెలియదు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టము తన 35వ సెక్షనులో, ఎగిరిపడు ముక్కలవలన కంటికి అపాయమున్న పనులలో అద్దములుగాని మరుగుగాని ఇయ్యవలెనని విధించెను. కాని యంత్రశక్తితో నడచు చోట్లలో పదిమందికి తక్కువ పనివారున్నవి సాధారణముగా ఆ చట్టపు లెక్కలోనికి రాలేదు. పాతకలప కోయు చోట్లు పెక్కు ఇద్దరు ముగ్గురు మనుష్యులతో నడచునవే. అపాయ మెక్కువగా నున్నచోటికే చట్టపు చేయి అందలేదు.

వ్యయ మెవరిదను ప్రశ్నయే యిందు ముఖ్యము. వర్తకుడు కలపను కొలతచొప్పున అమ్మును. లోపలి మేకు తన పూచీ కాదనును. కొన్నవాడు తాను చెల్లించిన ధరలోనే అన్నియు వచ్చినవనుకొనును. మిల్లువాడు రంపము చెడినచో దాని వెల కలప తెచ్చినవానినుండి రాబట్టవలెనని చూచును. రంపమునకు వెల కట్టుటకు అందరును సిద్ధమే. దానిముందు నిలిచిన మనుష్యుని కంటిని మాత్రము ఏ చిట్టాలోను ఎవరును వ్రాయలేదు. ఇతరులను నిందించుటకు ముందు మా తప్పును ఒప్పుకొందుము. మేస్త్రీ లెక్కలో "మేకులు చూచిన కూలి, అరపూట" అని వేరుగా వ్రాసి తెచ్చినపుడు మేము దానిని తగ్గింపుమని అడిగితిమి. "తగ్గిస్తా సామీ, ఈసారి చూడకుండా కోస్తాం" అని ఆయన నవ్విరి. పూర్తిగా చెల్లించితిమి.

వెదకుట వర్తకుని కొట్టులోనే జరుగవలెనని మా యభిప్రాయము. చేతిడిటెక్టరు వెల ఒక మంచి దూలముతో పోల్చినచో స్వల్పము. వెదకి తీసిన కలపకు ఒక ధర, వెదకని కలపకు ఒక ధర అని రెండు విధములుగా అమ్మినచో ఎవరికిని నష్టము లేదు. అధిక ధర మోయువాడు కొనువాడే కావలెను; సొగసు వానిది గదా. 1938లో మైసూరు సంస్థానమున అటవీ పరిశోధనశాలగా మొదలైన కలపశాస్త్ర సంస్థ మల్లేశ్వరముననే యున్నది. వారు ఈ పరీక్షను గూర్చి కన్నడము, తెలుగు, తమిళము, ఉర్దూ భాషలలో నొక కరపత్రమును ముద్రించి కొట్లకు పంచినచో ఎంతయో మేలగును.

ఇంకొక మాట. పాత యిండ్ల కలప యొకనాటికి తరిగిపోవచ్చును. మేకులు మాత్రము తరుగవు. ఈ నగరపు వీధిచెట్లకు ప్రకటనపలకలు తగిలించుటకై కొట్టిన మేకులను చూడనివారెవరు? చెట్టు లావెక్కినకొలది బెరడు, కర్ర మేకును కప్పివేయును. మేకు కొట్టిన యెత్తుననే లోపల నిలిచియుండును. గాలివానకు ఆ చెట్టు పడిననాడు దుంగ కోతమిల్లునకే పోవును. యుద్ధములు జరిగిన జర్మనీ, ఫ్రాన్సు అడవుల దుంగలలో తుపాకిగుండ్లు, బాంబుశకలములు దొరకుచుండుట వింతగా చెప్పుకొందుము. మన వీధులలో యుద్ధమేమియు జరుగలేదు. ట్యూషను ప్రకటనలు, అద్దెయిండ్ల ప్రకటనలు మాత్రము జరిగినవి.

మా బీరువా పూర్తియైనది. మూడవ అరపై కొక్కెమున్న చోట కాసంత నల్లనిమరక నిలిచియున్నది, దానిని తీయవలదంటిమి. ఇరువదిమూడు తీసినను ఇరువదినాలుగవది యొకటి తప్పించుకొనినది. అది సూదివంటి సన్నని ఇత్తడిమేకు; చిత్రిక పట్టుచుండగా బయటపడి చిత్రిక యలుగు అంచును విరిచినది. క్రొత్త యలుగునకు వెల మేమే యిచ్చితిమి. ఈసారి బేరమాడలేదు.