అరవై దాటినా బండి నడపవచ్చు - చీకటితో మాత్రం జాగ్రత్త

పశ్చిమ గోదావరి డెల్టా గ్రామాల్లో అరవై దాటిన రైతుకు మోపెడ్ విలాస వస్తువు కాదు. పొలానికి నీరు వచ్చిందో లేదో చూడాలన్నా, ఎరువు బస్తా తేవాలన్నా, సొసైటీకి వెళ్ళి సంతకం పెట్టాలన్నా అదే ఆధారం. పిల్లలు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటారు. సంక్రాంతికి వచ్చినప్పుడు "నాన్నా, ఇక బండి తీయకు" అని చెప్పి వెళ్ళిపోతారు. ఎరువు బస్తా ఎవరు తెస్తారో మాత్రం చెప్పరు.

1980లో టీవీఎస్ 50 వచ్చిననాటి పాతికేళ్ళ కుర్రవాడు ఇప్పుడు డెబ్బయిలో పడ్డాడు. ఇన్నేళ్ళ అలవాటు ఒక్కసారిగా మానుకోమంటే ఎలా? మానుకోనక్కర్లేదు కూడా. అయితే ఆనాడు నడిపినట్టే ఈనాడూ నడుపుతానంటే కుదరదు.

మొదట చెప్పుకోవలసింది కంటి సంగతి. ఇరవై ఏళ్ళ వాని కంటి లోపలికి చేరే వెలుతురులో సుమారు మూడో వంతే అరవై ఏళ్ళ వాని కంటికి చేరుతుంది. నల్లగుడ్డు చిన్నదవుతుంది, కంటి కటకం పసుపుబారుతుంది. పగలు ఈ తేడా తెలియదు. పొద్దు గుంకాక తెలుస్తుంది. దానికి తోడు శుక్లం ఉంటే ఎదురుగా వచ్చే రొయ్యల లారీ దీపాల వెలుగు కంటిలో చెదిరిపోయి, లారీ దాటిపోయాక కూడా కాసేపు రోడ్డు కనిపించదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనులో 11 మీటర్లు పోతుంది. మూడు సెకన్లు చూపు లేకపోతే ఎంత దూరం గుడ్డిగా పోయినట్టో లెక్క వేసుకోండి.

చూపును మీరే పరీక్షించుకోవచ్చు. పట్టపగలు ఆగి ఉన్న కారు నంబరు ప్లేటును 25 మీటర్ల దూరం నుంచి చదవాలి. మామూలు నడకలో సుమారు ముప్పయి అంగలు. కళ్ళజోడు ఉంటే పెట్టుకునే చదవండి. ఒక్కొక్క కన్ను మూసి చూడండి. లైసెన్సు దరఖాస్తులో అడిగే దూరం కూడా ఇదే. చదవలేకపోతే కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. శుక్లానికి ఆపరేషన్ చేయించుకుంటే చాలామందికి చూపు మళ్ళీ వస్తుంది. ఆ తరువాత ఎప్పుడు బండి ఎక్కవచ్చో డాక్టరునే అడగాలి. పరీక్షకు కంటిలో చుక్కలు వేస్తారు కనుక ఆ రోజు మాత్రం మీ బండి మీద వెళ్ళవద్దు. కొన్ని గంటలపాటు చూపు మసకగా ఉంటుంది.

మలుపు దగ్గరే ముప్పు

పెద్దవయసు వారికి తిన్నని రోడ్డు కన్నా కూడళ్ళే ఎక్కువ ప్రమాదకరం. మెడ పూర్తిగా తిరగదు, వచ్చే బండి వేగం అంచనాకు అందదు. కాలువ గట్టు రోడ్డు నుంచి భీమవరం - పాలకొల్లు రోడ్డెక్కి కుడివైపు తిరగాలంటే మోపెడ్‌కు నాలుగైదు సెకన్లు పడుతుంది. 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆ అయిదు సెకన్లలో 110 మీటర్లు వస్తుంది. కనుక రెండు మూడు కరెంటు స్తంభాల మేర రోడ్డు ఖాళీగా ఉంటే తప్ప కదలవద్దు. వెనుకవాడు హారన్ కొడతాడు. కొట్టనివ్వండి. మెడ తిరగని వారికి అద్దాలే కళ్ళు. మన ఊళ్ళలో సగం మోపెడ్‌లకు అవి ఉండవు. విరిగినవి వెంటనే బిగించుకోవాలి.

సార్వా, దాళ్వా నూర్పిళ్ళ కాలంలో రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. చుట్టూ రాళ్ళు పేరుస్తారు. ధాన్యం ఎత్తేశాక ఆ రాళ్ళు అక్కడే మిగిలిపోతాయి. ఈ పని చేసేది మనమే, రాత్రిపూట వాటి మీద పడేదీ మనమే. ధాన్యం ఎత్తినరోజే రాళ్ళు కూడా తీసెయ్యాలని ఊరి పెద్దలు చెబితే బాగుంటుంది.

ట్రాక్టరు నడిపే వారు ఒక సంగతి గమనించాలి. దుక్కిలో మలుపు కోసం కుడి, ఎడమ బ్రేకులు విడివిడిగా వాడతారు. రోడ్డెక్కే ముందు ఆ రెండు పెడళ్ళను కొక్కెంతో కలపాలి. మరచిపోయి ఒక్క పెడల్ తొక్కితే ట్రాక్టరు ఒక పక్కకు లాగి కాలువలోకి దొర్లుతుంది. ట్రక్కు వెనుక మెరిసే ఎర్ర స్టిక్కర్లు అంటించుకోవాలి.

మందులు వాడేవారు కూడా జాగ్రత్తపడాలి. జలుబుకు దుకాణంలో ఇచ్చే బిళ్ళల్లో మగత తెచ్చేవి ఉంటాయి. షుగరుకు ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ వంటి బిళ్ళలు గానీ వాడేవారు ఖాళీ కడుపుతో బండి తీయరాదు. జేబులో చక్కెర పొట్లం ఉండాలి. చెమట పట్టి చేతులు వణికితే వెంటనే బండి ఆపి చక్కెర నోట్లో వేసుకోవాలి. ఏదైనా తిని, కుదుటపడ్డాక కూడా ముప్పావు గంట కూర్చుని కదలాలి. "ఇల్లు ఇక్కడేగా" అనుకుని బయలుదేరడమే కొంప ముంచుతుంది.

ఇక బండి ఎప్పుడు మానాలి? తెలిసిన దారిలోనే తికమక పడటం, నెలలో రెండు మూడుసార్లు ఎక్కడో ఒకచోట తగిలించడం, బ్రేకు తొక్కడంలో ఆలస్యం - ఇవి కనిపిస్తే ఇంట్లోవారు నలుగురిలో కాకుండా ఏకాంతంగా చెప్పాలి. మొదట రాత్రి ప్రయాణం, తరువాత హైవే, ఆ తరువాత వెనుక మనుమలను ఎక్కించుకోవడం మానిపించవచ్చు. ఒక్కరోజులో తాళం లాక్కుంటే పెద్దాయన మంచం పట్టినంత పనవుతుంది.

లైసెన్సు సంగతి

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం 55 ఏళ్ళు నిండాక తీసుకునే లైసెన్సు 5 ఏళ్ళు చెల్లుతుంది. గడువు తీరడానికి ఏడాది ముందు నుంచే రెన్యువల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. గడువు దాటి ఏడాది గడిస్తే మళ్ళీ డ్రైవింగ్ పరీక్షకు హాజరు కావాలి. పూర్వం గడువు తీరాక 30 రోజుల వెసులుబాటు ఉండేది, సవరణలో దాన్ని తీసేశారు. 40 దాటిన వారు ఫారం 1ఎ మీద డాక్టరు ధ్రువపత్రం జతచేయాలి. లైసెన్సు లేకుండా నడిపితే చట్టంలో ఉన్న జరిమానా 5,000 రూపాయలు. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. చెల్లని లైసెన్సుతో ఎవరినైనా గుద్దితే బీమా కంపెనీ బాధితునికి డబ్బు చెల్లించి, దాన్ని బండి యజమాని నుంచి రాబట్టుకునే వీలుంది. లైసెన్సు తీసి గడువు తేదీ ఈరోజే చూసుకోండి.