గబ్బిలములకు తోటలో తావు లేదా?

మామిడిపండ్ల దినములలో ప్రొద్దు గ్రుంకిన పిదప మదనపల్లె చుట్టుపట్ల ఏ తోటలో నిలిచి ఆకాశము వైపు చూచినను పెద్ద గబ్బిలములు కనబడుచుండును. ఒకదాని వెనుక నొకటిగా, తొందర లేని రెక్కల విసరుతో, పడమటి వెలుగునకు అడ్డముగా సాగిపోవును. తోటకాపరి వానిని తిట్టును. ఇంటి పెద్దలు అపశకునమందురు. పిల్లలు మాత్రము వ్రేలు చాపి లెక్కపెట్టుదురు.

అమరసింహుడు తన నిఘంటువునందు ఈ ప్రాణికి అజినపత్ర యను పేరు నిచ్చెను. తోలే రెక్కగా గలది యని అర్థము. పేరు చక్కనిదే కాని దాని వలన ప్రాణికి మర్యాద కలుగలేదు. మన దేశమున 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినప్పుడు సైతము దీనిని ఎలుకలు, కాకుల సరసన హానికర జంతువుల పట్టికలో వ్రాసిరి. అనగా ఎవరైనను చంపవచ్చును, అడుగువారు లేరు. ఏబదియేండ్ల పాటు ఇదే స్థితి. 2022లో జరిగిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలునకు రాగా ఆ పట్టికయే తొలగిపోయినది. పెద్ద గబ్బిలము రక్షిత జంతువుల వరుసలోనికి వచ్చినది.

చట్టము మారినంత త్వరగా జనుల మనస్సు మారదు. రేపు ఏ మునిసిపల్ పార్కులోనో నాలుగు మ్రాకుల నిండ గబ్బిలములు వ్రేలాడుచున్నవనియు, వానిని చంపించవలెననియు అర్జీ వచ్చినచో ఏమి చెప్పవలెను? ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరము ఈ ప్రశ్నను మనకంటె ముందుగా ఎదుర్కొన్నది.

ఆ నగరమున 1846లో స్థాపింపబడిన వృక్షశాస్త్రోద్యానము కలదు. దేశదేశముల నుండి తెచ్చి పెంచిన చెట్లు అందున్నవి. 1986లో కొలదిపాటి గబ్బిలములు అచ్చట స్థిరముగా చేరినవి. తల బూడిదవన్నె గల పెద్ద జాతి యది. లోయవంటి చల్లని చోటు, ఎత్తైన చెట్లు, చుట్టును నగరవీథులలో పూలు, పండ్లు. ఇంతకంటె ఏమి కావలెను? 2003 నాటికి వాని సంఖ్య ముప్పదివేలకు చేరినది. వాని బరువునకు కొమ్మలు విరిగెను, ఆకులు రాలెను, నూరేండ్ల నాటి చెట్లు కొన్ని మోడువారెను. ఉద్యానాధికారుల మొర నిరాధారమైనది కాదు. ఒక చెట్టును తరతరములుగా పెంచినవాని కష్టము పెంచినవానికే తెలియును.

2001లో వారు గబ్బిలములను చంపుటకు పూనుకొనిరి. జీవకారుణ్యవాదులు ఎదురు తిరిగిరి. వారికి తోడుగా, ఆ జాతి దేశమంతటను తగ్గిపోవుచున్నదను సాక్ష్యము నిలిచినది. చంపుట ఆగిపోయెను. అదే సంవత్సరము డిసెంబరులో ఆ దేశ ప్రభుత్వము ఆ గబ్బిలమును ఆపదలోనున్న జంతువుల పట్టికలో చేర్చినది.

ఎదిరించినవారి వాదమున కరుణ యొక్కటే యున్నదనుకొనుట పొరపాటు. గబ్బిలము ఒక తోటకు చెందిన ప్రాణి కాదు. అది బాటసారి. నేడు ఈ చెట్టున వ్రేలాడునది పూలకారు మారగానే వందల మైళ్ల దూరమున నుండును. దాని చోటికి వేరొకటి వచ్చును. నూటిని కాల్చినచో మరి నూరు వచ్చి వ్రేలాడును. తోట ఖాళీ కాదు. ఏటికొక్క పిల్లను మాత్రమే కను జాతి కనుక లోకమున దాని సంఖ్య మాత్రము తరిగిపోవును. మారిషస్ ప్రభుత్వము లిచీ, మామిడి తోటల కొరకు 2015 నుండి వేలకొలది గబ్బిలములను చంపించగా, 2018 నాటికి ఆ జాతి మరింత అపాయకరమైన తరగతికి దిగజారినది.

చివరకు మెల్‌బోర్న్ వారు 2003 మార్చిలో తుపాకి మాని చప్పుడు చేయ మొదలిడిరి. తెల్లవారుజామున తిరిగివచ్చు గబ్బిలములను ధ్వనులతో బెదరించిరి. వానికొక స్థలమును ముందే నిర్ణయించి యుంచిరి కూడ. అవి మాత్రము అటు పోక యారా నది వంపున మరియొక చోటు కోరుకొన్నవి. విడిది మనము చూచి పెట్టినను మగపెండ్లివారికి నచ్చవలెను గదా!

చప్పుడుతో తోలుటయు సులభోపాయము కాదు. ఖర్చు మెండు, ఎచ్చటికి పోవునో చెప్పలేము. అయినను తోట దక్కినది, జాతియు దక్కినది.

రోగభయము మాట యేమి? అది వెర్రిభయమని కొట్టివేయరాదు. 2018 మే మాసమున కేరళలో తలయెత్తిన నిపా వ్యాధి 17 మందిని బలిగొన్నది. ఆ వైరస్సునకు ఆశ్రయము ఈ పెద్ద గబ్బిలమే. కాని చంపినచో రోగము పోవునా? ఉగాండాలోని కిటాకా గనిలో 2007లో పనివారికి మార్బర్గ్ వ్యాధి సోకగా, లోపలి గబ్బిలములనన్నింటిని తుడిచిపెట్టిరి. 2012 నాటికి క్రొత్తవి వచ్చి చేరినవి. వెనుక నూటికి అయిదింటిలో నున్న వైరస్సు ఈసారి నూటికి పదుమూటిలో కనబడెను. సమీప పట్టణమున వ్యాధి మరల తలయెత్తెను. బంగ్లాదేశమువారు వేరుదారి పట్టిరి. రాత్రివేళ ఈతచెట్టు రసమును గబ్బిలములు నాకుట వలన నిపా సోకుచున్నదని కనుగొని, కుండ మూతికి వెదురు తడిక కట్టు పద్ధతిని ప్రచారము చేసిరి. మన పిల్లలకు చెప్పవలసినదియు అట్టిదే: చిలుక కొరికిన పండని మురిసి, నేలరాలిన సగము పండును తినరాదు, పడియున్న గబ్బిలమును చేత ముట్టరాదు.

రైతు నష్టమును మరువరాదు. పెరటిలోని రెండు చెట్లకు వల కప్పవచ్చును. ఎకరముల తోటకు ఆ ఖర్చు ఎవరు పెట్టుదురు? 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడిన నాటి నుండి కుప్పము రైతు ఏనుగుల వలన పంట పోగొట్టుకొనుచునే, వానిని చంపరాదను కట్టుబాటును మోయుచున్నాడు. పుంగనూరు పొట్టి ఆవు కనుమరుగు కాబోవగా పలమనేరు పరిశోధన కేంద్రమున దానిని నిలబెట్టిరి. ఆవు పాలిచ్చును, ముద్దుగా నుండును. గబ్బిలము ఇప్పపూలకు పరాగము మోసి, మఱ్ఱి, రావి, నేరేడు విత్తనములను రాత్రికి రాత్రి మూడు రాష్ట్రముల సరిహద్దులు దాటించి చల్లినను చూచువాడు లేడు.

చూచినవాడొక్కడు కలడు. జాషువ 1941లో వెలువరించిన 'గబ్బిలము'న అస్పృశ్యుడు తన గోడును కాశీలోని శివునకు విన్నవింప దీనినే దూతగా పంపెను. తనకు లేని ఆలయప్రవేశము దీనికి కలదు గనుక!

గబ్బిలమును చంపుట నేడు నేరము. రోడ్డు వెడల్పు కొరకు అది పగలు వ్రేలాడు చింతమ్రానును కొట్టుట మాత్రము ఎవరికిని అంతటి నేరముగా తోచదు. మెల్‌బోర్న్ గబ్బిలములకు తోట పోయినను ఏటివంపు మిగిలినది. ఇచ్చట చెరువుకట్టల మీది మఱ్ఱులు, బాటప్రక్కల చింతలు పోయినచో అవి ఎచ్చటికి పోవును? అట్టి చెట్లు ఏ యూర నెన్ని యున్నవో దూరము నుండి చూచి లెక్క వ్రాసికొనుట బడిపిల్లలకు ఒక ఆదివారపు పని.