పెరటి పందిట పెండ్లి

వివాహము గృహస్థాశ్రమమునకు ద్వారము. ఆ ద్వారమునకు బంగారు తోరణము కట్టబోయి ఇల్లే తాకట్టు పెట్టుట నేడు పెక్కు కుటుంబములలో కానవచ్చుచున్నది. ముహూర్తముల దినములు వచ్చినంతనే మన వరంగల్లు, హనుమకొండలలోని ఫంక్షను హాళ్లన్నియు దీపములతో వెలుగును. ఆ వెలుగునకై తల్లి మెడలోని నగ వడ్డీవ్యాపారి పెట్టెకు చేరుట మాత్రము ఎవరి కంటను పడదు. పెరట నాలుగు చెట్లు గలవారు ఆ నీడనే, ఏబదిమంది ఆప్తుల నడుమ, కన్యాదానము చేయరాదా? సోదరీమణులారా! ఈ ప్రశ్నను మొదట ఆలోచింపవలసినవారము మనమే. ఆడంబరమును కోరువారిలోను మనము కలము. దాని భారమును చిరకాలము మోయువారమును మనమే.

చెట్ల నీడను శుభకార్యము చేయుట మనకు క్రొత్త కాదు. పచ్చని పందిరి వేయుటయే తెలుగువారి పెండ్లికి తొలి పని. శాకుంతలము నాలుగవ అంకమున శకుంతలను అత్తవారింటికి పంపునప్పుడు ఆమెకు కట్టుబట్టలను, లత్తుకను ఇచ్చినవి వృక్షములే. కణ్వమహర్షి ఆ తరువుల సెలవును సైతము వేడెను. మన హనుమకొండలో కాకతి రుద్రదేవుడు 1163లో వేయిస్తంభముల గుడిని కట్టించెను. దాని కల్యాణమండపము జీర్ణోద్ధరణమై 2024లో మరల తెరువబడినది. అట్టి రాతి మండపము రాజులకు తగును. మనకు నాలుగు గుంజలు, గుప్పెడు మామిడాకులు చాలును.

ఇంత చిన్న పెండ్లి చెల్లునా యని కొందరు శంకింతురు. వధూవరులలో ఎవరో యొకరి ఆచారము ననుసరించి వివాహము జరుగవలెననియు, సప్తపది ఆచారముగా గలచోట ఏడవ అడుగుతో అది పూర్ణమగుననియు 1955 నాటి హిందూ వివాహ చట్టము చెప్పుచున్నది. అతిథులు ఇందరుండవలెనని అందెచ్చటను లేదు. పెండ్లి ఆటపాటలకును విందులకును ఏర్పడిన ఉత్సవము కాదనియు, అది పవిత్ర సంస్కారమనియు, విధి జరుపక పొందిన రిజిస్ట్రేషను పత్రము వివాహము కాజాలదనియు సుప్రీంకోర్టు 2024 ఏప్రిలులో వక్కాణించినది. కావున తగ్గింపదగినది ఆడంబరము, తగ్గింపరానిది విధి. విధి ముగిసిన పిదప రిజిస్ట్రేషనును మరువరాదు. 2020లో కరోనా వేళ ప్రభుత్వము అతిథులను ఏబదిమందికి పరిమితము చేసినప్పుడు ఒక్కటైన దంపతుల కాపురములకు ఆ కొరతవలన ఏ లోటును రాలేదు గదా!

ఇక ఏర్పాట్లు. వైశాఖ జ్యేష్ఠములలో ఓరుగల్లు ఎండ దుస్సహము. మాఘ ఫాల్గుణములు తోటకు అనుకూలములు. ఎండకాలము తప్పనిచో ఉదయపు తొలి జాములోనో, రాత్రియందో ముహూర్తము కుదురునేమో పురోహితుని అడుగవలెను. ముందుగా నేల చదును చేసి, చీమల పుట్టలు లేకుండ చూచి, అలికి, ముగ్గు పెట్టవలెను. తాటాకుల పందిరి యైనచో హోమగుండముపై కప్పు ఉండరాదు; చెంత రెండు బిందెల నీరు, కొంత ఇసుక ఉంచవలెను. చీరచెంగులు దోపుకొని కూర్చుండుట మేలు. రాత్రి పెద్ద దీపములను భోజనపు బంతికి దూరముగా పెట్టినచో పురుగులు విస్తళ్లలో పడవు. ఏబదిమందికి 6 కిలోల బియ్యము, 2 కిలోల కందిపప్పు సరిపోవును. మోదుగాకుల విస్తళ్లు వాడినచో, భోజనానంతరము వానిని పెరటి గోతిలో పూడ్చవచ్చును. అవి ఆ చెట్లకే ఎరువగును.

అన్నిటికంటె కష్టమైన పని ఎవరిని పిలువవలెననునది. తంతులో పని గలవారిని మొదట వ్రాసికొనుడు: వధువును పీటలకడకు తెచ్చు మేనమామ, లాజహోమమునకు పేలాలు పోయు సోదరుడు, హారతి పట్టు ఆడబడుచులు, ఒడిబియ్యము పోయు ముత్తైదువలు. పిదప ఇరువైపుల వృద్ధులు, కష్టకాలమున తోడు నిలిచిన పొరుగువారు. తక్కినవారికి మనమే పోయి ముందుగా మాట చెప్పవలెను. పరులవలన వినినప్పుడే బంధువుల మనస్సు నొచ్చును. పెండ్లియైన పిదప నూతన దంపతులు వారి యిండ్లకు పోయి పాదములకు మ్రొక్కినచో, వేయిమంది గుంపులో దూరమునుండి చల్లిన అక్షతలకంటె ఆ దీవెన నిండుగా నుండును.

ఒక మాట వరుని తల్లులకు. “విందు తగ్గినది గదా, ఆ సొమ్ము మాకిండు” అని అడుగుట కట్నమునకు మారుపేరే. కట్నమును 1961 నాటి చట్టము నిషేధించినది. ఆ సొమ్ములో అప్పు చేయవలసినది చేయకుండుటయే మొదటి లాభము. చేతనున్నదానిని వధువు పేరనే బ్యాంకులో వేయుట రెండవ లాభము.

మరియొక మాట వధువు తల్లులకు. చిన్న పెండ్లి యన బిడ్డకు తక్కువ చేయుట యనుకొనకుడు. అయినను బిడ్డను అడుగక నిశ్చయింపకుడు. ఆమెయు వరుడును మనసార ఒప్పుకొనిననే ఆ పందిరికి శోభ. పెరటిచెట్టు క్రింద పెండ్లియైన పిల్ల పుట్టింటికి వచ్చినపు డెల్ల ఆ చెట్టును చూచుకొనును. తండ్రి ముఖమున అప్పుల దిగులును చూడవలసిన పని ఆమెకుండదు.