మరమ్మతు చేసిన చేతికి వెల యెంత?

1963వ సంవత్సరమున విశాఖపట్టణమున ఆకాశవాణి కేంద్రము వెలసిన నాళ్లలో, రేడియో యనునది ఇంటిలో ఒక పెద్దమనిషి వలె కొలువుతీరి యుండెడిది. అది మూగవోయిన నాడు ఇల్లంతయు చిన్నబోయెడిది. మరమ్మతు చేయువాడు వచ్చి, వెనుకపలక విప్పి, వాల్వులను ఒక్కొక్కటిగా పరీక్షించి, చెడినదానిని మార్చి పోవుచుండెను. వాల్వు ఖరీదు ఇంతయనిన ఎవరును మారుమాట పలుకరు. నా చేతిపనికి ఇంతయనినచో మాత్రము, "అరగంట కూడ పట్టలేదు గదా నాయనా!" యను మాట తప్పక వినవచ్చుచుండెను.

ఇప్పుడు ఆ బల్లపైకి కంప్యూటరు వచ్చినది. మాట మాత్రము మారలేదు. గాజువాకలోను, దాబాగార్డెన్సులోను, మద్దిలపాలెములోను దుకాణము లేకయే, ఒక సంచి, ఒక మోటారుసైకిలు, ఒక సెల్‌ఫోను పెట్టుబడిగా ఈ మరమ్మతులు చేసి జీవించువారు పలువురు గలరు. ఈ వ్యాసము వ్రాయువాడును వారిలో ఒకడు. ఎంత తీసికొనవలెనను ప్రశ్న మమ్ము ప్రతిదినమును వేధించును. ఎంత ఇచ్చుట న్యాయమను ప్రశ్న గృహస్థులకును కలుగును. ఇవి రెండు ప్రశ్నలు కావు. ఒక నాణెమునకు గల రెండు ముఖములు.

క్రొత్తగా ఈ వృత్తికి వచ్చినవాడు సామాన్యముగ చేయు పని యొకటి కలదు. ప్రక్కవాడు ఎంత తీసికొనుచున్నాడో విచారించి, దానికంటె యాభై రూపాయలు తగ్గించి చెప్పును. ఆ ప్రక్కవాడును ఒకప్పుడు అట్లే తగ్గించి యుండును. ఈ తగ్గుదల మెట్లు దిగి దిగి, చివరకు ఇరువురిని నూతిలో దింపును. ధర ఊరివారిని అడిగి తెలిసికొనవలసినదే. కాని ముందుగా తన ఇంటి చిట్టాను అడుగవలెను.

ఉదాహరణకు ఒక లెక్క వేసి చూతము. ఒకనికి ఇల్లు గడచుటకు నెలకు 24,000 రూపాయలు కావలెననుకొనుడు. పెట్రోలుకు 3,000, ఫోను, ఇంటర్నెట్టులకు 1,000, పనిముట్ల అరుగుదలకును, శుభ్రపరచు ద్రవములు మున్నగు వానికిని 2,000, జబ్బుచేసిన దినములకు, పనిలేని దినములకు నిలువగా 6,000. వెరసి 36,000 రూపాయలు. నెలకు 25 దినములు, దినమునకు 8 గంటలు పనిచేయునేని 200 గంటలగును. 36,000ను 200 చేత భాగింపగా గంటకు 180 రూపాయలు. ఇంతవరకు అందరును వేయుదురు. పొరపాటు ఇక్కడనే యున్నది.

ఆ 200 గంటలలో వెల ముట్టు గంటలు ఎన్ని? దారిలో పోవునవి, విడిభాగమునకై దుకాణముల వెంట తిరుగునవి, ఫోనులో ఉచితముగ సలహా చెప్పునవి, చేసిన పని మరల చెడినదని పోయి సవరించునవి తీసివేసినచో, సగము మిగులుటయే గొప్ప. అనగా 100 గంటలు. అప్పుడు గంట వెల 180 కాదు, 360 రూపాయలు. 180 రూపాయలకు పనిచేసినవాడు తాను చవుకగా చేయుచున్నాననుకొనును. నిజమునకు నిలువ సొమ్మును, పనిముట్ల సొమ్మును, ఇంటి సొమ్ములో కొంతను తానే తినివేయుచున్నాడు. ఈ అంకెలు ఒక్కొక్కరికి ఒక్కొక్క విధముగ నుండును. భాగించు పద్ధతి మాత్రము అందరికిని ఒకటియే.

ఇక గంటకు ఇంతయని తేలినంతమాత్రమున గంటలు లెక్కించియే పైకము అడుగవలెనా? అట్లయినచో నేర్పరికి నష్టము, నేర్పులేనివానికి లాభము. పది సంవత్సరముల అనుభవము గలవాడు పది నిమిషములలో పట్టిన లోపమును, నిన్న మొన్న నేర్చినవాడు మూడు గంటలు వెదకును. గడియారము చూచి ఇచ్చినచో తెలివి తక్కువవానికే ఎక్కువ ముట్టును.

మన రేవులో దీనికి మంచి దృష్టాంతము కలదు. 1933లో ప్రారంభమైన విశాఖ రేవున లోపలి హార్బరునకు పోవుదారి డాల్ఫిన్స్ నోస్ కొండ ప్రక్కగా సాగు ఇరుకైన కాలువ. ఓడను అందులోనికి నడుపుటకు పైలెట్ ఎక్కును. ఆ సేవకు రేవువారు వసూలుచేయు రుసుము, ఆయన ఓడపై గడిపిన నిమిషములనుబట్టి కాక, ఓడ పరిమాణమునుబట్టి యుండును. ఓడవారు వెలయిచ్చునది ఆయన గడిపిన కాలమునకు కాదు. ఆ కాలువ లోతుపాతులు ఎరిగిన విద్యకు. కంప్యూటరు విషయమునను తెలిసిన పనులకు పనినిబట్టి ధర నిర్ణయించుటయే ఉభయులకు మేలు.

కావున ధరలను మూడు తెగలుగా విభజించుకొనవలెను. మొదటిది పరీక్ష రుసుము. యంత్రము విప్పి, లోపమేదో కనిపెట్టి చెప్పుటయే ఒక పని. వైద్యుడు నాడి చూచి, మందు అక్కరలేదని చెప్పినను రుసుము తీసికొనును గదా! ఇంటివారు మరమ్మతు వలదనినను ఈ రుసుము చెల్లవలెను. మరమ్మతు చేయించినచో దానిని మొత్తములో కలిపివేయవచ్చును. ఇది సంచి విప్పుటకు ముందే చెప్పవలసిన మాట. పని యైన పిమ్మట చెప్పినచో తగవు, ముందు చెప్పినచో ఒప్పందము.

రెండవది తెలిసిన పనుల ధర. పాత హార్డ్ డిస్కు తీసి ఎస్.ఎస్.డి. అమర్చి, ఉన్నదంతయు దానిలోనికి మార్చుటకు మూడు గంటలు పట్టునేని, అందు చేయి కదలునది ఒక గంట మాత్రమే. మిగిలిన రెండు గంటలును యంత్రము తనంత తాను నకలు చేసికొనుచుండును. ఆ వేళ మరియొక యంత్రము చూడవచ్చును. కావున మూడు గంటల వెల అడుగుట అన్యాయము. ఒక్క గంటదే అడుగుట తెలివితక్కువ. చేతిపనికి గంట, కనిపెట్టియుండుటకు అరగంట లెక్కించి, పై ధర ప్రకారము 540 రూపాయలు అడుగుట సమంజసము.

మూడవది అంతుపట్టని పనులు. మనయూర ఇవి యెక్కువ. సముద్రపు ఉప్పుగాలి లోపలి అతుకులను మెల్లగా తినివేయును. రేవు ప్రాంతపు ఇండ్లలో బొగ్గు, ముడి ఇనుము ధూళి ఫంకాలలో పేరుకొనును. దానితో యంత్రము ఒకనాడు పనిచేయును, ఒకనాడు చేయదు. అట్టివానికి గంట లెక్కయే గతి. అయితే ఒక హద్దు ఏర్పరుపవలెను. "రెండు గంటలు చూచెదను, అంతకు మించునేని మిమ్ము అడుగక ముందుకు పోను" అని చెప్పినవానిని ఎవరును శంకింపరు.

విడిభాగముల సంగతి మరి యొకటి. చేతిపని వెల అడుగుటకు మొగమోటపడి, భాగము ధరలో గుట్టుగా కలుపుకొనువారు గలరు. ఇంటి పిల్లవాడు ఫోను తెరచి అదే భాగము ధర అరనిమిషములో చూచి చెప్పగలడు. అప్పుడు పోవునది కలిపిన రెండువందలు కాదు, నమ్మకము. భాగము కొన్న రశీదు ఇంటివారి చేతనే యుంచి, చేతిపని వెల వేరుగా వ్రాసి యిచ్చుట మంచిది. తెచ్చిపెట్టిన శ్రమకు కొంత తీసికొన్నను, అది కనబడునట్లు తీసికొనవలెను.

ఇక నా అనుభవమొకటి చెప్పవలెను. ఈ వృత్తిలోనికి వచ్చిన తొలినాళ్లలో ఒక యింటివారు కంప్యూటరు నెమ్మదిగా నడచుచున్నదని పిలిచిరి. ధర రెండువందలని చెప్పితిని. అదే దినమున మరి నాలుగిండ్లు తిరిగినగాని నాకు గిట్టుబాటు కాదు. డిస్కునుండి సన్నని చప్పుడు వినవచ్చుచున్నను, ముందుగా నకలు తీయవలెనని తెలిసియును, ఆ గంట నాయొద్ద లేదని తోచి, నేరుగా పనికి ఉపక్రమించితిని. అరగంటలో డిస్కు ప్రాణము విడిచినది. అందు వారి కుమార్తె పెండ్లి చిత్రములుండెను. వేరొకచోట నకలు లేదు. ఆ యింటి పెద్దాయన నన్ను పరుషముగ ఒక్కమాటయు అనలేదు. ఆ రెండువందలు ఇచ్చుటకును చేయి చాపినాడు. నేను పుచ్చుకొనలేదు. ఆ చాచిన చేయి ఇప్పటికిని నా కన్నుల యెదుట నున్నది.

ఆనాడు నాకు తెలిసినదేమనగా, తక్కువ ధర ఇంటివారికి చేసిన ఉపకారము కాదు. చేయవలసిన జాగ్రత్తను చేయనీయని ధర ఎంత తక్కువయైనను అది ఎక్కువయే. నాటినుండి నకలు తీయుటను ప్రత్యేకమైన అంశముగ చీటిపై వ్రాసి, దానికి వెల చేర్చి, ఆ పిమ్మటనే స్క్రూ విప్పుచున్నాను. ఎవరైన అది వలదనినచో, వలదనిరని చీటిపై వ్రాయించి సంతకము తీసికొందును. చెడిన డిస్కునుండి సమాచారమును రాబట్టు పనికి మాత్రము హామీ ఇయ్యను. ప్రయత్నమునకు ఇంత, ఫలించినచో ఇంత యని రెండు ధరలు చెప్పుదును.

చుట్టములు, ఇరుగుపొరుగువారు, చిన్ననాటి స్నేహితులు - వీరి విషయమున ధర నోటినుండి వెలువడదు. "మనవాడే గదా" యను మాటతో సగము సాయంకాలములు కరగిపోవును. చీటిపై పూర్తి ధర వ్రాసి, దాని క్రింద తగ్గింపు వ్రాసి, మిగిలినది తీసికొనుట నాకు తోచిన ఉపాయము. మొత్తము తగ్గించినను సరియే. చేసిన సాయము ఎంతయో ఇరువురకును తెలియును. మరుసటి పర్యాయము ఏ వెలయు లేదను భ్రాంతి కలుగదు.

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను మన నగరముపై విరుచుకుపడినది. కరెంటు లేని ఆ దినములలో నాకును పనిలేదు. నెలకు 6,000 నిలువ యని పైన చెప్పినది అట్టి దినములకొరకే. కరెంటు వచ్చిన పిమ్మట తడిసిన యంత్రములు, కాలిన పవర్ సప్లయిలు ఒక్కసారిగ వచ్చిపడెను. ఎంత అడిగినను ఇచ్చు వేళ యది. నిలువ యున్నందున ధర పెంచవలసిన అవసరము నాకు కలుగలేదు. తన ఖర్చు లెక్క తెలిసినవానికి అక్కరలో నున్నవానిపై ఆశ పుట్టదు. లెక్క తెలియనివాడే అట్టి వేళ వెనుకటి నష్టమంతయు రాబట్టుకొనజూచును.

చట్టపు మాటలు రెండు తెలిసియుండుట మేలు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము, ఒకరి సొత్తును తన వశమునకు తీసికొన్నవాడు, వివేకము గల మనుష్యుడు తన సొత్తును కాపాడుకొనునంత జాగ్రత్తతో దానిని కాపాడవలెను. దానిపై శ్రమయు నైపుణ్యమును వెచ్చించి ఒప్పిన పని నెరవేర్చినవాడు, వేరు ఒప్పందము లేనిచో, ఆ పనికి రావలసిన ప్రతిఫలము ముట్టువరకు దానిని నిలిపియుంచుకొనవచ్చును. ఇది ఆ యంత్రముపై చేసిన పనికేగాని పాత బాకీలకు వర్తింపదు. జి.ఎస్.టి. విషయమున, మన రాష్ట్రమున సేవలు చేయువారి వార్షిక వ్యాపారము 20 లక్షల రూపాయలు మించనిచో సామాన్యముగ నమోదు అక్కరలేదు; నమోదు కానివాడు పన్ను పేరిట పైకము వసూలు చేయరాదు.

మరమ్మతుకిచ్చి మరచిపోవువారు గలరు. రేవులో సరకు ఉచితముగ నుంచు గడువు దాటినచో డెమరేజి చెల్లింపవలసివచ్చును. మేమును చీటిపై గడువు వ్రాసి, అది దాటిన పిమ్మట దినమునకు స్వల్ప రుసుము కలదని ముందే తెలుపుట ధర్మము.

అన్నిటికంటె కష్టమైనది, చేయవలదని చెప్పుట. అటువంటిదే పాత యంత్రము మరొకటి ఎంతకు దొరకునో విచారించి, మరమ్మతు వ్యయము అందు సగము దాటునేని, నేను పరీక్ష రుసుము మాత్రము పుచ్చుకొని, వలదని చెప్పుదును. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు ఉచిత భద్రతా మద్దతు సామాన్యముగ ముగిసినదని విని, పలువురు పాత కంప్యూటర్లు తెచ్చి చూపుచున్నారు. క్రొత్తదానిని భరింపలేని యంత్రముపై వేల రూపాయలు పోయించుట కంటె, నిజము చెప్పి పంపుటయే వృత్తిధర్మము. పరీక్ష రుసుము న్యాయముగ ముట్టినవాడే ఈ నిజమును నిర్భయముగ చెప్పగలడు.

గృహస్థులకు ఒక మనవి. మరమ్మతు చేయువాడు వచ్చినపుడు, "ఎంతకు చేసెదవు?" అని అడుగుటకు ముందు, "ఏమేమి చేసెదవు? నకలు తీసెదవా? మరల చెడినచో ఎన్నాళ్లలో వచ్చి చూచెదవు?" అని అడుగుడు. చీటి వ్రాయించి పుచ్చుకొనుడు. సమాధానములు సరిగా నున్నచో, చెప్పిన ధర యాభై యెక్కువైనను వెనుదీయకుడు. అరగంటలో ముగించినాడని తగ్గింపకుడు. ఆ అరగంట వెనుక ఎన్ని సంవత్సరములున్నవో, ఎవరి యింటి పెండ్లి చిత్రములున్నవో మీకు కనబడదు.